అందరి నడుముల మీదా పెట్టిన కాలు

ఇది కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. పోయిన ఏడాది జూన్ నుంచి సెప్టెంబరు దాకా నేను సరిగ్గా కూర్చోలేదు. నిలబడ్డాను, పడుకున్నాను, గోడకు ఆనుకున్నాను. అన్నం కూడా వంటింటి గట్టు దగ్గర నిలబడే తిన్నాను. ఇప్పుడు మా బడిలో ఇద్దరు టీచర్లకు ఇదే నొప్పి మొదలైంది. ఎట్లా తగ్గింది, ఎవరి మాట విన్నావు అని ఫోన్లు చేస్తున్నారు. ఫోన్లో చెబితే సిగ్గుపడే సంగతులన్నీ దాటేస్తాను. దాటేయకూడనివి అవే. అందుకని మొత్తం రాసిపెడుతున్నాను.

ముందు నా కాలి గురించి చెప్పాలి. నేను తమిళనాడులో, కృష్ణగిరి దగ్గర కుందారపల్లిలో ఎదురుకాళ్ళతో పుట్టాను. అట్లా పుట్టినవాళ్ళు నడుం మీద కాలు పెడితే పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. నాకు నడక వచ్చిన నాటి నుంచి ఆదివారం పొద్దున మా ఇంటి ముందు ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. గొర్రెలు కాసేవాళ్ళు, మామిడి తోటల్లో బుట్టలు మోసేవాళ్ళు, హైవే మీద లారీ ఆపుకుని వచ్చినవాళ్ళు కూడా. వాళ్ళు అరుగు మీద చాప పరుచుకుని బోర్లా పడుకునేవాళ్ళు. మా అమ్మ నా చెయ్యి పట్టుకుంటే నేను ఎడమ కాలితో వాళ్ళ నడుం మీద మూడుసార్లు అదిమేదాన్ని. "మా సరోజ కాలు" అని అమ్మ చెప్పుకునే తీరు చూస్తే అది నా ఒంట్లో భాగం కాదు, ఇంట్లో ఉన్న ఒక వస్తువు అనిపించేది.

చదువుకుని హోసూరు వైపు ఒక ప్రభుత్వ బడిలో తెలుగు టీచరునయ్యాను. వెంకటేశప్పను పెళ్ళి చేసుకుని మూకండపల్లికి వచ్చాను. ఆయనకు అక్కడి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోనే ఉద్యోగం. అయినా నెలకు రెండు ఆదివారాలు ఊరికి వెళ్ళి కాలు పెడుతూనే ఉన్నాను. నమ్మి పెట్టానని చెప్పలేను, నమ్మలేదనీ చెప్పలేను. చాలామంది నవ్వుతూ లేచేవాళ్ళు. అంతకుమించి ఆలోచించలేదు.

జూన్‌లో బడి తెరిచిన రెండో వారం. కొత్త పాఠ్యపుస్తకాల కట్ట ఒకటి నేల మీద నుంచి ఎత్తాను. నడుంలో ఏదో కదిలినట్టయింది, అంతే. ఆ సాయంత్రం బస్సు దిగబోతుంటే పిర్ర నుంచి చిటికెనవేలి దాకా కాల్చిన తీగ ఒకటి లాగినట్టు నొప్పి వచ్చింది. ఎడమ కాలు. బస్సు మెట్టు మీదే నిలబడిపోయాను. వెనక ఉన్నవాళ్ళు తోస్తున్నారు. నేను ముందుకూ పోలేను, వెనక్కూ రాలేను. కండక్టరు నా మొహం చూసి రెండు వేళ్ళతో బస్సు మీద తట్టి డ్రైవరును ఆపమన్నాడు. నేను దిగేదాకా బస్సు కదలనివ్వలేదు.

తర్వాతి పది రోజులు సలహాల రోజులు. ఆముదపు ఆకు వేడి చేసి కట్టమని ఒకరు, ఐసు పెట్టమని ఒకరు. నేల మీద పడుకోమని పక్కింటామె, నేల మీద పడుకుంటే ఇంకా ముదురుతుందని ఎదురింటామె. ఫోన్లో ఒక వీడియోలో ముందుకు వంగమన్నారు. ఇంకో వీడియోలో ముందుకు వంగితే కాలు పోతుందన్నారు. ఇద్దరికీ తెల్ల కోటే, ఇద్దరి వెనకా వెన్నెముక బొమ్మే. నేను ఒక రోజు వంగాను, ఒక రోజు వంగలేదు. రెండు రోజులూ ఏడ్చాను.

అమ్మ కుందారపల్లి నుంచి బస్సెక్కి వచ్చింది. మంచం పక్కన కూర్చుని నా అరికాలు చేతిలోకి తీసుకుంది.

"అందరి నొప్పీ నీ కాలికే ఎక్కిండాది బిడ్డా. నేనే ఎక్కించినాను. ఎవురొచ్చినా వద్దనిందే లేదు నేను" అంది.

ఓదార్చాల్సింది. నొప్పిలో ఉన్న మనిషికి అంత మంచితనం రాదు. "అవునమ్మా, నువ్వే ఎక్కించినావు. నన్నెప్పుడన్నా అడిగినావా?" అన్నాను. అమ్మ నా కాలు మెల్లగా పరుపు మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. ఆ సాయంత్రమే ఊరికి వెళ్ళిపోయింది. నెల దాటినా ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

జూన్ చివర్లో వెంకటేశప్ప ఒక మాట పట్టుకొచ్చాడు. "మా షిఫ్టులో ఒకాయనకు ఇట్లే ఉండెనంట. నాటు వైద్యం చేసేటాయన ఒకే పట్టు పట్టినాడంట. లేచి నడిచినాడంట. పోదాం పా సరోజా."

నేను వద్దనలేదు. జీవితమంతా నేను చేసిందీ అదే కదా. ఆ పెద్దాయన నన్ను బోర్లా పడుకోబెట్టి, "నరం దారి తప్పిండాది, దారికి తెస్తా" అన్నాడు. నా కాలు ఎత్తి ఒక పక్కకు తిప్పాడు. ఏం జరిగిందో ఆయనకు ఎంత తెలుసో నాకు తెలియదు. నాకు మాత్రం కళ్ళ ముందు తెల్లగా అయిపోయింది. మా ఆయన నన్ను ఎత్తుకుని ఆటోలో పెట్టాడు.  మూడో రోజు గమనించాను, ఎడమ కాలి చెప్పు జారిపోతోంది. జారిపోయిందని కూడా నాకు తెలియడం లేదు. నాలుగడుగులు వేశాక ఎవరో వెనక నుంచి, "టీచరమ్మా, చెప్పు" అని అందించేవాళ్ళు.

అప్పుడు భయపడ్డాం. ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళి స్కాన్ తీయించాం. డాక్టరు ఆ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, ఈ వారంలోనే ఆపరేషన్ చేయాలి, లేకపోతే కాలు పోతుంది అని తమిళంలో చెప్పి తర్వాతి టోకెన్ పిలిచారు. ఆయన చెప్పింది తప్పని నేను అనడం లేదు. ఆయన ఫిల్ము చూశారు, నా కాలు చూడలేదు. మా ఆయన కౌంటరు దగ్గరికి తేదీ అడగడానికి వెళ్ళాడు. నేను హాల్లో గోడకు ఆనుకుని నిలబడ్డాను.

హాల్లో కుర్చీలు చాలానే ఖాళీగా ఉన్నాయి. నిలబడి ఉన్నది ఇద్దరమే. నేను, అవతలి గోడ దగ్గర యాభై దాటిన ఒక మనిషి. ఆయన నన్ను కాసేపు చూసి దగ్గరికి వచ్చాడు.

"ఎడమ కాలామ్మా?"

"అవునప్పా. మీకూనా?"

"నాకు కుడి. నొప్పి పోయి రెండేండ్లాయె. కూర్చునేదానికి భయమే ఇంకా పోలేదు. ఈడికి మా బామ్మర్ది జ్వరమని వచ్చినా." ఆయన పేరు గోవిందప్ప. కృష్ణగిరి మామిడి మండీలో తూకం వేసే పని. డాక్టరు ఏమన్నాడో చెప్పాను. ఆయన ఆపరేషన్ చేయించుకోమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"ఒక మాట అడగండమ్మా. ఇది చెడ్డదైతే నాకెట్ల తెలుస్తుంది అని అడగండి. మన కాలు చూసినవాళ్ళు దానికి జవాబు చెప్తారు. చెప్పకుంటే ఇంకొకరి దగ్గరకి పోండి. నాకు కృష్ణగిరి పెద్దాస్పత్రిలో చెప్పినారు."

నేను లోపలికి వెళ్ళి అడగబోయాను. తలుపు దగ్గర ఉన్నామె ఇంకో టోకెన్ తీసుకోమంది. మేము తేదీ తీసుకోకుండా ఇంటికి వచ్చేశాం. ఆ రెండు రోజులు మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తిండి లేదు. తప్పు చేస్తున్నామా అని ఇద్దరికీ అనుమానమే. 

కృష్ణగిరి ప్రభుత్వ ఆసుపత్రిలో జూలై మొదటి వారంలో మూడు గంటలు నిలబడ్డాను. వరుసలో నా ముందున్న ఒక ముసలామె, "నువ్వు గోడకు పోయి ఆనుకో తల్లీ, నీ చోటు నేను చూసుకుంటా" అంది. నా వంతు వచ్చినప్పుడు చేతులూపి పిలిచింది. డాక్టరు నన్ను మడమల మీద నడవమన్నారు, మునివేళ్ళ మీద నడవమన్నారు. సూదితో కాలంతా గుచ్చి ఎక్కడ తెలుస్తోంది, ఎక్కడ తెలియడం లేదు అని అడిగారు. ఫిల్ము ఆఖరున చూశారు. నేను గోవిందప్ప చెప్పిన మాట అడిగాను. ఆయన పెన్ను కింద పెట్టారు.

నాలుగు సంగతులు చెప్పారు. మూత్రం గానీ విరేచనం గానీ ఆగిపోవడం, లేదా తెలియకుండా అయిపోవడం. కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారడం. కాలి బలం రోజురోజుకూ తగ్గడం, లేదా నొప్పి, తిమ్మిరి రెండు కాళ్ళకూ పాకడం. జ్వరం రావడం, ఊరికే ఒళ్ళు తగ్గిపోవడం. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా ఆలస్యం చేయకుండా రావాలి, మొదటి రెండింటిలో ఏది వచ్చినా ఆ గంటలోనే బయలుదేరాలి. "మీ పాదంలో బలం కొంచెం తగ్గింది. ఇంకా తగ్గుతుందా, ఇక్కడే ఆగుతుందా అని వారం వారం నేనే చూస్తాను. తగ్గితే ఆపరేషన్ మాట మాట్లాడదాం. చాలామందికి ఈ నొప్పి కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో దానంతట అదే తగ్గుతుంది" అన్నారు.

"నాకు ఎప్పటికి తగ్గుతుంది సార్?"

"చెప్పలేనమ్మా."

నెల రోజుల్లో నాకు సలహా చెప్పిన అందరిలో ఆ మాట అన్నది ఆయన ఒక్కరే. విచిత్రంగా ఆ మాటతోనే నా గుండె కుదుటపడింది.

ఆయన నన్ను ఫిజియోథెరపీ గదికి పంపారు. అక్కడ కవిత అనే అమ్మాయి. తమిళంలో మొదలుపెట్టి, నా మాట విని తెలుగులోకి వచ్చింది. మంచం మీదే ఉండిపోవద్దని, గంటకోసారి నాలుగడుగులైనా వేయమని చెప్పింది. బోర్లా పడుకుని చేయాల్సిన రెండు కదలికలు నేర్పింది. చెప్పినవన్నీ నాతో తిరిగి చెప్పించుకుంది, నేను పిల్లలతో చెప్పించుకున్నట్టు.

"నొప్పి వస్తే లోపల ఏదో తెగిపోయిందని అనుకోవద్దక్కా. నరం కోపంగా ఉండాది, అంతే. కోపం తగ్గేదానికి టైం ఇవ్వాల" అంది.

జూలై అంతా నడకే. మొదటి వారం మా గేటు దాకా. రెండో వారం టీ కొట్టు దాకా. వెంకటేశప్ప షిఫ్టు దిగి రాగానే టిఫిను డబ్బా లోపల పెట్టి నాతో నడిచేవాడు. ఎస్టేట్ రోడ్డు మీద షిఫ్టు మారే వేళ వందలమంది మమ్మల్ని దాటుకుని పోతుంటారు. ఆయన నా నడకకు తన నడక తగ్గించుకుని పక్కనే వచ్చేవాడు. ఒక సాయంత్రం, "ఆ నాటు వైద్యం ఆయప్ప దగ్గరకి నిన్ను తీసకపోయింది నేనే" అన్నాడు. అది ఆయన నెల రోజులుగా మోస్తున్న మాట. "నేనూ వచ్చినాను కదా" అన్నాను. అక్కడితో ఆ సంగతి అయిపోయింది.

బడికి వెళ్ళసాగాను. మా హెడ్మిస్ట్రెస్ ప్రయోగశాల నుంచి ఎత్తు బల్ల ఒకటి నా తరగతికి తెప్పించారు. పిల్లలు నోటుపుస్తకాలు నేల మీద కాకుండా కిటికీ గట్టు మీద పెట్టడం మొదలుపెట్టారు. వాళ్ళకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.

డాక్టరు నాలుగు వారాలు నా పాదాన్ని తన అరచేతితో వెనక్కి తోసి చూశారు. అయిదో వారం, "బలం వస్తోంది" అన్నారు. ఇంటికి రాకముందే బస్టాండు నుంచి అమ్మకు ఫోన్ చేశాను.  "తిన్నావా?" అంది అమ్మ.

ఆగస్టు చివర్లో ఒక పెళ్ళిలో గంటసేపు కూర్చున్నాను. మరుసటి రోజు మొత్తం నొప్పి తిరిగొచ్చింది. మొదటి రోజు ఎట్లా వచ్చిందో అట్లాగే. రెండు నెలలు వృథా అయ్యాయని తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కవితకు ఫోన్ చేశాను. ఆమె ముందు ఆ నాలుగు ప్రశ్నలు అడిగింది. నాలుగింటికీ లేదన్నాను.

"అట్లయితే భయం లేదక్కా. నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చొద్దు. జూన్ నెలకూ ఇవాళ్టికీ పోల్చు."

పోల్చి చూశాను. నా చెప్పు నా కాలికే ఉంది. వారంలో నొప్పి మళ్ళీ తగ్గింది. ఇప్పుడు ఈ నొప్పితో ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఇదే, అది తిన్నని దారిలో తగ్గదు. రెండడుగులు ముందుకు, ఒకటి వెనక్కి. వెనక్కి వచ్చిన రోజు మొత్తం పోయినట్టే ఉంటుంది. పోదు.

అక్టోబరులో మొదటిసారి ఊరికి వెళ్ళాను. ఆదివారం. అమ్మ నా నడక చూస్తూ వాకిట్లో నిలబడింది. కాఫీ తాగేలోపే మునెప్ప మామ వచ్చాడు. గొర్రెలు కాసే మనిషి, అరవై అయిదేళ్ళుంటాయి. గోడ పట్టుకుని మెల్లగా అరుగు ఎక్కి, ఎవరూ చెప్పకముందే బోర్లా పడుకున్నాడు.

"సరోజమ్మా, కాలు పెట్టమ్మా. వారం నుంచి రెండు కాళ్ళూ లాగతా ఉండాయి."

ఆ వేసవిలో, నాకు నొప్పి రాకముందు, ఇదే మామ నడుం మీద నేను మూడుసార్లు అదిమాను. అది గుర్తొచ్చింది. రెండు కాళ్ళూ అన్న మాట దగ్గర నా చెవి నిలిచిపోయింది.

"మామా, మూత్రం బాగా అవుతా ఉండాదా?" అన్నాను.

ఆయన మొహం తిప్పుకున్నాడు. అమ్మ నా భుజం పట్టుకుంది. "పెద్దాయనను అడిగే మాటా అది? ఊరికే కాలు పెట్టి పంపీ."

"నేను పెట్టనమ్మా. మామా, చెప్పండి. నన్నూ ఇవే అడిగినారు ఆస్పత్రిలో. నేనూ చెప్పినాను. సిగ్గు నాకూ అయింది."

 ఆయన చాప మీద మొహం ఆనించుకునే చెప్పాడు. "నిన్న మధ్యాన్నం నుంచి సరిగా కాలేదమ్మా. కూర్చుంటే కింద చాప ఉండాదో లేదో తెలీలా."

నేను ఇంకేమీ అడగలేదు. పక్కింటి సామాన్ల వ్యానులో పరుపు వేయించాను. మామ రానన్నాడు. "గొర్రెలు ఎవురు చూస్తారు? నీ కాలు చాలమ్మా, నాకు ఆస్పత్రి వద్దు. ఇన్నేండ్లు పెట్టినావు, ఇప్పుడెందుకు పెట్టవు?" అన్నాడు. కోపంగా కాదు, మోసపోయినవాడిలా అడిగాడు. దానికి జవాబుగా నా దగ్గర ఉన్నది నిజం ఒక్కటే.

"ఇన్నేండ్లు నాకు తెలీదు మామా. ఇప్పుడు తెలుసు. నా కాలు దీనికి పనికిరాదు. నేనూ మీతో వస్తా."

అమ్మ ఆ మాట విని ఇంట్లోకి వెళ్ళింది. కోపంతో వెళ్ళిందనుకున్నాను. దుప్పటి, నీళ్ళ సీసా తెచ్చి వ్యానులో పెట్టి, "నేను గొర్రెల సంగతి చూస్తా, నువ్వు పో మునెప్పన్నా" అంది. ఆయన అప్పుడు లేచాడు.

కృష్ణగిరిలో చూసి వెంటనే అంబులెన్సులో పెద్ద ఆసుపత్రికి పంపారు. ఆ రోజే ఆపరేషన్ జరిగింది. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే మూత్రానికి జీవితమంతా గొట్టమే గతి అయ్యేదని అక్కడ చెప్పారట. తర్వాత నేను మా డాక్టరును ఒక్క మాట అడిగాను. ఆ వేసవిలో నేను కాలు పెట్టడం వల్లనే ఇట్లా అయిందా అని. ఆయన ఆలోచించి, "చెప్పలేనమ్మా" అన్నారు. ఈసారి ఆ మాట గుండెను కుదుటపరచలేదు. అయినా కాదు, కాదు అని ఆయన అనకపోవడమే మంచిదనిపించింది. ఆ మాట నాతోనే ఉంటుంది.

మునెప్ప మామకు కోలుకోవడానికి మూడు నెలలు పట్టింది. జనవరి చివరికి గొట్టం లేకుండా, కర్ర పట్టుకుని మంద వెనక నడుస్తున్నాడు. ఎడమ పాదం కొంచెం ఈడుస్తాడు. నన్ను చూస్తే దూరం నుంచే కర్ర ఎత్తుతాడు. ఆయన భార్య మా ఇంటికి వచ్చి అమ్మ రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు కూర్చుంది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో అమ్మ నాకు చెప్పలేదు. ఆమె వెళ్ళాక మాత్రం, "ఆ నాలుగూ నాకు చెప్పీ" అంది. అమ్మకు చదవడం రాదు. బొటనవేలి నుంచి వేలికొకటి చొప్పున చెప్పించాను. మధ్యవేలి దగ్గర రెండుసార్లు తప్పింది. ఇప్పుడు తప్పదు.

నాకు ఇంకా నొప్పి పూర్తిగా పోలేదు. చలికి, దూరం ప్రయాణానికి పిర్రలో ఒక చిన్న హెచ్చరిక ఉంటుంది. లేచి నడుస్తాను, పోతుంది. బరువు ఎత్తను. వీడియోలు చూడను. కవిత చెప్పిన రెండు కదలికలు పొద్దున పళ్ళు తోముకున్నట్టు చేస్తాను.

పోయిన ఆదివారం ఊళ్ళో ఉన్నాను. లోపల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. శూలగిరి వైపు నుంచి ఒకాయన నడుం పట్టుకుని వచ్చాడు, నా పేరు ఎవరో చెబితే. నేను లేచేలోపే అరుగు మీద నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"కూర్చోప్పా. కూర్చుంటే కింద తెలస్తా ఉండాదా? మూత్రం బాగా అవుతా ఉండాదా?"

 "నేను కాలు పెట్టించుకునేదానికి వచ్చినానమ్మా" అన్నాడు ఆయన.

"కాలు మాట తర్వాత" అంది అమ్మ. "ముందు అడిగిందానికి చెప్పు."